ఎనిమిది డిగ్రీలు మైనస్ ఎనిమిదైన కేసు: ఫ్రెక్స్‌ప్ తర్వాత చేసే రౌండింగ్

గుంటూరు మిర్చియార్డు చుట్టుపక్కల ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో ఒకదానిది ఈ కేసు. తేజ, 334 రకాల మిర్చి టిక్కీలు (బస్తాలు) ఛాంబర్లలో పైదాకా పేర్చి ఉంటాయి. లోపల ఎనిమిది డిగ్రీలు దాటనివ్వకూడదని అక్కడివాళ్ల లెక్క. ఒక్కో ఛాంబర్‌లో సెన్సర్ తగిలించిన చిన్న పెట్టె ఉంటుంది. అది రీడింగు తీసి, తక్కువ కరెంటుతో దూరం వెళ్లే లోరా రేడియో మీద ఆఫీసు గదిలోని గేట్‌వేకి పంపుతుంది. అక్కణ్ణుంచి సర్వరుకి, సర్వరు నుంచి డ్యూటీలో ఉన్న ఆపరేటర్ ఫోనుకి వెళ్తుంది. ఏప్రిల్‌లో ఒక రాత్రి ఆ ఫోనుకి మైనస్ 8 డిగ్రీలంటూ అలారం వచ్చింది. సరుకు గడ్డకడుతుందన్న భయంతో ఆపరేటర్ కంప్రెసర్ ఆపేశాడు. నిజానికి లోపల ఉన్నది ప్లస్ 8. చల్లదనం కావాల్సిన సమయంలోనే మిషను ఆగిపోయింది.

ఈ పెట్టెల ఫర్మ్‌వేర్ (లోపల నడిచే ప్రోగ్రాం) మొదట రాసింది వేరే వాళ్లు. ఇప్పుడు విజయవాడలో మేం చూసుకుంటున్నాం. మేనేజరు గారు ఫోన్ చేసి చెప్పిన మాటలోనే సగం జవాబుంది. "మైనస్ ఎనిమిదైతే లోపల మంచు పట్టాలి కదండీ. వెళ్లి చూస్తే గోడ మీది థర్మామీటరు ఎనిమిదే చూపిస్తోంది. అంకె అదే, ముందున్న మైనస్ ఒక్కటే తేడా."

సెన్సర్ డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత చిప్. అది చెడినప్పుడు ఎలాంటి అంకెలొస్తాయో ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు. కొలత పూర్తికాకముందే చదివితే 85 వస్తుంది, వైరు ఊడితే చాలా లైబ్రరీల్లో మైనస్ 127 వస్తుంది. మైనస్ 8 ఆ రెండిట్లోదీ కాదు. పైగా వైరింగ్ తేడా అయితే అడ్డదిడ్డమైన విలువలు రావాలి. సరిగ్గా ఉండాల్సిన అంకే గుర్తు మారి వచ్చిందంటే లెక్కలో ఎక్కడో తిరగబడిందన్నమాట. అందుకే కేబుల్ జోలికి పోకుండా ముందు సర్వరులో దాచిన ముడి ప్యాకెట్లు తెప్పించుకున్నాను.

ఒక్కో రీడింగుకి మూడు బైట్లు. మొదటి రెండూ ఫ్రాక్షన్ (భిన్నం), మూడోది ఎక్స్‌పోనెంట్ (రెండు మీది ఘాతం). అలారం వచ్చిన నిమిషానికి ఉన్న బైట్లు ఇవి: 80 00 03. హెక్సాలో (పదహారు ఆధారంగా రాసే పద్ధతిలో) 8000 అంటే 16 బిట్ల సైన్డ్ సంఖ్యగా, అంటే ప్లస్ మైనస్ రెండూ పట్టే రకంలో, మైనస్ 32768. దాన్ని 32768తో భాగిస్తే మైనస్ 1. దాన్ని రెండు ఘాతం మూడుతో, అంటే 8తో గుణిస్తే మైనస్ 8. కాబట్టి సర్వరు తన పని తాను సరిగ్గానే చేసింది. తప్పు పెట్టెలోనే జరిగింది.

ఉష్ణోగ్రత ఒక్కటే పంపాలంటే ఇంత అవసరం లేదు, డిగ్రీలో నూరో వంతుల లెక్కన 16 బిట్ల పూర్ణాంకం సరిపోతుంది. నేనైతే అదే చేసేవాణ్ణి. కానీ అదే ప్యాకెట్‌లో అమోనియా లీకేజీ రీడింగు, కంప్రెసర్ ప్రెషరు, కరెంటు మీటరు యూనిట్లు కూడా వెళ్తాయి. కొన్ని సున్నా పాయింటు ఏదో, కొన్ని లక్షలు. అన్నిటినీ ఒకే అచ్చులో పంపాలని మొదట రాసినాయన ప్రతి విలువనూ ఫ్రాక్షన్, ఎక్స్‌పోనెంట్‌గా విడదీశాడు. ఆలోచనలో తప్పేం లేదు. అందుకు వాడిన ఫ్రెక్స్‌ప్ (frexp) కూడా సరైన పనిముట్టే, సి భాషలో 1989 నాటి తొలి ప్రమాణం నుంచీ ఉన్న ఫంక్షన్.

ఫ్రెక్స్‌ప్ చేసే పని చిన్నది. ఒక సంఖ్య ఇస్తే దాన్ని 0.5కీ 1కీ మధ్య ఉండే భిన్నంగా, రెండు మీది ఘాతంగా విడగొట్టి ఇస్తుంది. 0.5 రావచ్చు, 1 మాత్రం ఎప్పటికీ రాదు. 6.5 ఇస్తే 0.8125, 3 వస్తాయి, 0.8125ని 8తో గుణిస్తే మళ్ళీ 6.5. 8 ఇస్తే 0.5, 4. రుణ సంఖ్య అయితే మైనస్ గుర్తు భిన్నం మీదే ఉంటుంది. సున్నాకి రెండూ సున్నాలే. తిరిగి కలపడానికి ఎల్‌డీఎక్స్‌ప్ ఉంది. 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం మెమరీలో ఫ్లోట్ (దశాంశాలు పట్టే 32 బిట్ల సంఖ్య) ఉండేదే ఒక గుర్తు బిట్, 8 ఎక్స్‌పోనెంట్ బిట్లు, 23 భిన్నం బిట్లుగా. ఫ్రెక్స్‌ప్ ఆ గదులను వేరు చేసి చూపిస్తుంది, అంతే. మామూలు సంఖ్యలకు గుణకారం లేదు, భాగహారం లేదు, ఒక్క బిట్ కూడా పోదు.

అసలు చిక్కు ఆ తర్వాతి వరసలో ఉంది. వచ్చిన భిన్నాన్ని 32768తో గుణించి, ఎల్‌రౌండ్‌తో దగ్గరి పూర్ణాంకం చేసి, 16 బిట్ల సైన్డ్ రకంలోకి క్యాస్ట్ చేశారు, అంటే రకం మార్చారు. భిన్నం 1 కన్నా తక్కువ కాబట్టి జవాబు 32768 కన్నా తక్కువే ఉంటుందనుకున్నారు. రౌండ్ చేయకముందు అది నిజమే. విలువ 7.999998 అనుకోండి. ఫ్రెక్స్‌ప్ 0.99999975, 3 ఇస్తుంది. 32768తో గుణిస్తే 32767.99. రౌండ్ చేస్తే 32768. సైన్డ్ 16 బిట్లలో పట్టే గరిష్ఠ సంఖ్య 32767. పట్టనిదాన్ని క్యాస్ట్ చేస్తే ఏమవ్వాలో సి ప్రమాణం కంపైలర్‌కే వదిలేసింది. జీసీసీ అనే కంపైలర్ పై బిట్లు కోసేసి మిగిలిన 16 బిట్లు ఉంచుతుంది. 32768 అలా మైనస్ 32768 అయింది. ఎక్స్‌పోనెంట్ 3 అలాగే ఉండిపోయింది. ప్యాకెట్‌లో కనిపించిన 80 00 03 అదే.

బడిలో శాస్త్రీయ సంకేతంలో రాసేటప్పుడూ ఇదే వస్తుంది. 9.996ని నూరుతో గుణించిన సంఖ్యను రెండు దశాంశ స్థానాలకు కుదిస్తే ముందుభాగం 10.00 అవుతుంది. దాన్ని అలా వదిలేయరు, 1.00 అని రాసి పది మీది ఘాతాన్ని 2 నుంచి 3 చేస్తారు. ఇక్కడా అదే చేయాలి. భిన్నం 1కి చేరితే దాన్ని సగం చేసి ఎక్స్‌పోనెంట్‌కి ఒకటి కలపాలి. మన సంఖ్యకు వెళ్లాల్సిన బైట్లు 40 00 04. అంటే 16384, 4. అంటే సరిగ్గా 8.

ఇక్కడికి లోపం దొరికినట్టే. అయినా నాకు ఇంకో ప్రశ్న మిగిలింది. అంతకుముందు సీజనంతా ఇదే కోడ్ నడిచింది, ఎనిమిది డిగ్రీలు ఎన్నోసార్లు తగిలే ఉంటాయి, మరి అప్పుడెందుకు రాలేదు? కారణం చెప్పలేకపోతే దిద్దుబాటు మీద నమ్మకం పెట్టుకోలేం.

డీఎస్18బీ20 ఇచ్చే అంకెలు 0.0625 మెట్ల మీద ఉంటాయి, డిగ్రీలో పదహారో వంతు. 7.9375 తర్వాత నేరుగా 8. మధ్యలో ఏమీ లేదు. 7.9375ని విడగొట్టి 32768తో గుణిస్తే సరిగ్గా 32512, రౌండ్ చేయడానికి ఏమీ మిగలదు. సెన్సర్ కొలవగలిగిన మైనస్ 55 నుంచి 125 దాకా ఏ విలువా ఈ 16 బిట్లలో పట్టకుండా పోదు. ముడి రీడింగు నేరుగా పంపినంత కాలం రౌండింగ్ పని చేయాల్సిన అవసరమే రాలేదు, లోపం నిద్రపోతూ ఉంది.

ఈ సీజన్ మొదట్లో ఒక అప్‌డేట్ ఎక్కించారు. తలుపు తీసినప్పుడల్లా, ముఠావాళ్లు టిక్కీలు దించినప్పుడల్లా గ్రాఫు ఎగిరెగిరి పడుతోందని ఒక స్మూతింగ్ ఫిల్టర్ పెట్టారు. కొత్త రీడింగుకీ పాత సగటుకీ ఉన్న తేడాలో ఎనిమిదో వంతు ప్రతిసారీ సగటుకి కలుపుతుంది. మంచి ఫిల్టరే. కానీ ముడి రీడింగు 8 దగ్గర స్థిరపడి, సగటు కింది నుంచి ఎక్కుతూ వస్తే, తేడా ప్రతిసారీ తగ్గుతుందేగానీ సగటు 8ని తాకదు. 7.9375 దగ్గర మొదలైతే 47 రీడింగుల తర్వాత 8కి 0.00012 లోపుకి వస్తుంది. ఆ లోపున ఉన్నదంతా ప్రమాదపు పట్టీయే. ఇంకా ముందుకెళ్లాక, కలపాల్సిన ముక్క ఫ్లోట్ చివరి బిట్‌లో సగానికి తగ్గిపోయి, కలిపినా కలవకుండా సగటు 7.999998 దగ్గర కూర్చుండిపోతుంది. ముడి రీడింగు మారేదాకా ప్రతి ప్యాకెట్టూ మైనస్ 8యే.

ఈ లెక్క నిజమైతే ఉష్ణోగ్రత పైనుంచి దిగి 8 దగ్గర ఆగినప్పుడు తప్పు రాకూడదు, ఎందుకంటే అప్పుడు సగటు 8కి కాస్త పైనే ఉంటుంది, భిన్నం 0.5 పక్కన పడుతుంది. లాగ్ తీసి చూశాం. మైనస్ 8 వచ్చిన ప్రతిచోటా ముందున్న గ్రాఫు ఎక్కుతూనే ఉంది. దిగుతున్న చోట ఒక్కటీ లేదు. అప్పుడు నాకు స్థిమితం కలిగింది.

రెండు మీది ఘాతాల దగ్గర తప్ప ఈ తప్పు కనిపించదు: 1, 2, 4, 8, 16, 32. ఫిల్టర్ పెట్టాక పెట్టెను పరీక్షించింది ఏసీ గదిలో, పాతికా పాతికన్నర డిగ్రీల్లో. 16కీ 32కీ మధ్య ఎంతసేపు ఉంచినా ఏమీ బయటపడదు. విజయవాడ ఎండల్లో ఏసీ ఆపేసి పెట్టి ఉంటే 32 దగ్గర మైనస్ 32 చూపించి ఉండేదేమో. యాదృచ్ఛికంగా విలువలిచ్చి చూసినా తేలికగా దొరకదు. ఒక ఎక్స్‌పోనెంట్ కింద ఫ్లోట్‌లో 83,88,608 భిన్నాలుంటాయి, వాటిలో 256 మాత్రమే పైకి రౌండై 1ని తాకుతాయి. అంటే 32,768లో ఒకటి. వెయ్యి విలువలతో పరీక్షిస్తే చిక్కే అవకాశం నూటికి మూడు పాళ్లే.

మా దగ్గర పనిచేసే కుర్రాడు ముందు ఫ్రెక్స్‌ప్ మీదే అనుమానపడ్డాడు. "అన్నా, లైబ్రరీ ఫంక్షన్ ఎందుకు, లాగ్2 తీసుకుని ఫ్లోర్ చేసి ఒకటి కలిపితే ఎక్స్‌పోనెంట్ వచ్చేస్తుంది కదా" అన్నాడు. లాగ్2 అంటే రెండు ఆధారపు లాగరిథం, ఫ్లోర్ అంటే కింది పూర్ణాంకం. ఈ మాట చాలామంది నోట విన్నాను, అందుకే ఆగి చూపించాను. 2కి సరిగ్గా ముందున్న ఫ్లోట్ ఇచ్చి చూడు, సరిగ్గా వస్తుంది. 4కి ముందున్నది ఇచ్చినా సరిగ్గానే వస్తుంది. 8కి ముందున్నది ఇవ్వు. దాని అసలు లాగ్ 3 కన్నా రవ్వంత తక్కువ. 3 పక్కన ఫ్లోట్ల మధ్య దూరం ఆ రవ్వంత కన్నా పెద్దది, కాబట్టి లాగ్2 సరిగ్గా 3 అని ఇస్తుంది. ఫ్లోర్ చేసి ఒకటి కలిపితే 4. భిన్నం 0.5 కన్నా తక్కువకు పడిపోతుంది. డబుల్ (64 బిట్ల ఫ్లోట్) వాడినా ఇదే కథ, అక్కడా 2, 4 దాటి 8 దగ్గరే మొదటి దెబ్బ తగులుతుంది. లాగ్ రౌండయ్యే ఫంక్షన్, ఫ్రెక్స్‌ప్ కచ్చితమైనది. కచ్చితమైనదాన్ని తీసేసి రౌండయ్యేదాన్ని పెట్టుకోవడం నాకు ఒప్పుదల కాదు.

బిట్లు చేత్తో తీయడమూ ప్రయత్నించాడు: ఫ్లోట్‌ని 32 బిట్ల పూర్ణాంకంలోకి మెమ్‌సీపీవైతో (బైట్లు కాపీ చేసే ఫంక్షన్) కాపీ చేసి, 23 స్థానాలు జరిపి, 126 తీసేస్తే ఎక్స్‌పోనెంట్, అదే గదిలో 126 పెడితే భిన్నం. పాయింటర్ క్యాస్ట్ చేయకుండా మెమ్‌సీపీవై వాడినందుకు మెచ్చుకున్నాను, ఆ క్యాస్ట్ ఒక రకం డేటాను ఇంకో రకంగా చదవకూడదనే స్ట్రిక్ట్ ఏలియాసింగ్ నియమాన్ని తప్పుతుంది. కానీ సున్నా ఇచ్చి చూస్తే భిన్నం 0.5, ఎక్స్‌పోనెంట్ మైనస్ 126 వచ్చాయి. సున్నా సున్నాగా మిగల్లేదు. అమోనియా రీడింగు సున్నాయేనా అని సర్వరులో పోల్చేవాళ్లకి ఆ పోలిక ఎప్పటికీ నిజం కాదు. సున్నాకి అతి దగ్గరగా ఉండే సబ్‌నార్మల్ సంఖ్యలకూ ఇదే ఇబ్బంది, వాటిని ముందు పెద్ద ఘాతంతో గుణించి ఆ తర్వాత విడగొట్టాలి. లైబ్రరీ రాసినవాళ్లు ఇవన్నీ చూసుకునే రాశారు.

దిద్దుబాటుకి ఇంకో మూడు దారులు మాట్లాడుకున్నాం. రౌండ్ మానేసి కోసేయడం ఒకటి. అప్పుడు 32768 రాదు, కానీ ప్రతి విలువా సున్నా వైపుకే జరుగుతుంది. 32767 దగ్గర ఆపేయడం ఇంకోటి. పని జరుగుతుంది, 7.99976 చూపిస్తుంది. 32768 బదులు 32767తో గుణించడం మూడోది. ఇది చూడ్డానికి తెలివిగా ఉంటుంది గానీ 8ని 8.00024 చేస్తుంది, అప్పటిదాకా కచ్చితంగా వెళ్తున్న సెన్సర్ మెట్లన్నీ చెదిరిపోతాయి. దాన్ని నేను గట్టిగానే వద్దన్నాను. చివరికి పెట్టింది ఇది (మాంటిసా అంటే పూర్ణాంకంగా మార్చిన భిన్నం):

భిన్నం = ఫ్రెక్స్‌ప్ఎఫ్(విలువ, &ఘాతం);
మాంటిసా = ఎల్‌రౌండ్‌ఎఫ్(భిన్నం * 32768);
ఇఫ్ (మాంటిసా == 32768 || మాంటిసా == -32768) {
మాంటిసా = మాంటిసా / 2;
ఘాతం = ఘాతం + 1;
}

మాంటిసా అప్పటిదాకా లాంగ్ రకంలోనే ఉండాలి. 16 బిట్లకు తగ్గించడం అన్నిటికన్నా చివరి పని. ముందే తగ్గిస్తే 32768తో పోల్చే వరసకి అర్థమే ఉండదు, ఆ సంఖ్య అప్పటికే మైనస్ అయిపోయి ఉంటుంది. ఫ్రెక్స్‌ప్ఎఫ్ అన్నది ఫ్లోట్ కోసం సి99లో వచ్చిన రూపం. మా చిప్ కార్టెక్స్ ఎం4, దాని హార్డ్‌వేర్‌కి ఫ్లోట్ మాత్రమే వచ్చు, డబుల్ లెక్కలు సాఫ్ట్‌వేర్‌లో నడుస్తాయి. అందుకని ఎఫ్ ఉన్నదే వాడాం.

ఎక్స్‌పోనెంట్ బైట్ సంగతీ తేల్చుకున్నాం. సైన్డ్ బైట్‌లో మైనస్ 128 నుంచి 127 దాకా పడుతుంది. ఫ్లోట్‌కి ఫ్రెక్స్‌ప్ ఇచ్చే ఘాతాలు మైనస్ 148 నుంచి 128 దాకా ఉంటాయి. మన కొలతలు ఆ కొసలకు వెళ్లవు, అయినా కొలతలకు అందనంత చిన్న విలువలను సున్నాగా, పెద్దవాటిని గరిష్ఠంగా పంపేలా రాశాం. మైనస్ 128ని "రీడింగు లేదు" అనడానికి కేటాయించాం. వైరు ఊడితే కోడ్‌లో ఆ విలువ నాన్ (సంఖ్య కానిది) అవుతుంది. నాన్‌కీ అనంతానికీ ఫ్రెక్స్‌ప్ ఘాతంలో ఏం పెడుతుందో ప్రమాణం చెప్పదు, కాబట్టి విడగొట్టే ముందే ఇజ్‌నాన్‌తోనూ ఇజ్‌ఇన్ఫ్‌తోనూ పరీక్షించాలి.

ఫ్లోట్‌తో ఒక సౌకర్యం ఉంది. మొత్తం బిట్ అమరికలు 429,49,67,296 మాత్రమే. మామూలు ల్యాప్‌టాప్ మీద అన్నిటినీ ఒక్కొక్కటిగా ఎన్‌కోడ్ చేసి, డీకోడ్ చేసి, గుర్తు మారలేదని, తేడా అసలు విలువలో 32,768వ వంతు మించలేదని సరిచూడొచ్చు. పాత కోడ్‌ని ఇలా నడిపితే ప్రతి ఘాతం కిందా ఆ 256 చొప్పున వరసగా బయటపడ్డాయి. కొత్తదానికి, బైట్ పరిధిలో ఉన్న విలువల్లో ఒక్కటీ రాలేదు. డబుల్‌కైతే ఇలా అన్నీ తిప్పడం కుదరదు, ప్రతి ఘాతానికి అటూ ఇటూ ఉన్న సంఖ్యలను నెక్స్ట్‌ఆఫ్టర్‌తో (పక్క సంఖ్యను ఇచ్చే ఫంక్షన్) తీసి పరీక్షించాలి.

ఈ పరీక్షలోనే మీటరు సంగతి కళ్లబడింది. యూనిట్ల మొత్తం నాలుగు లక్షలు దాటిన మీటరుకి ఘాతం 19. 5,24,288ని 32768తో భాగిస్తే 16. అంటే రీడింగు పదహారేసి యూనిట్ల గంతులేస్తోంది. గంట గంటకీ వాడకం లెక్కగట్టే పట్టికలో ఒక గంట సున్నా, ఇంకో గంట 16 అని ఎందుకు పడుతోందో అప్పటిదాకా ఎవరికీ అర్థం కాలేదు. ఇందులో కోడ్ తప్పు లేదు, పెరుగుతూ పోయే లెక్కకి ఈ అచ్చు పనికిరాదు. మీటరుని విడిగా 32 బిట్ల పూర్ణాంకంగా పంపిస్తున్నాం. ప్యాకెట్‌కి ఒక బైట్ పెరిగింది, అంతే.

పాత లాగ్‌ల విషయం మిగిలింది. సరుకు ఏ రోజు ఎంత చల్లదనంలో ఉందో రైతులకూ వ్యాపారులకూ చూపించే లెక్క అది, తప్పుతో వదిలేయకూడదు. ముడి బైట్లు సర్వరులో ఉన్నాయి కాబట్టి పని తేలికైంది. అసలైన మైనస్ 8ని ఫ్రెక్స్‌ప్ విడగొడితే మైనస్ 0.5, 4 వస్తాయి, బైట్లలో మైనస్ 16384, 4. మైనస్ 32768 రావాలంటే ఒకటి ఈ లోపమే కారణం కావాలి, లేదా విలువ నిజంగానే రుణమై మైనస్ 8కి అతి దగ్గరగా ఉండాలి. మిర్చి ఛాంబర్‌లో ఉష్ణోగ్రత సున్నా కిందికి పోదు. అందుకని అక్కడ 80 00 ఉన్న ప్రతి వరసకీ గుర్తు మార్చి, మార్చామని పక్కన రాసి పెట్టాం. ఇవే పెట్టెలు బాపట్ల వైపు ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీలోనూ ఉన్నాయి. అక్కడ గది మైనస్ 18 దగ్గర నడుస్తుంది, డీఫ్రాస్ట్ (మంచు కరిగించడం) తర్వాత మళ్ళీ దిగేటప్పుడు మైనస్ 16 దాటుకునే వెళ్తుంది. 80 00 04 అని వచ్చిన వరసలు కొన్ని కనిపించాయి. అవి నిజమైన మైనస్ 16లే, రుణ సంఖ్యల వైపు మైనస్ 32768 పట్టింది కాబట్టి పాత కోడ్ కూడా వాటిని సరిగ్గానే పంపింది. ఆ గది లాగ్‌ని ముట్టుకోలేదు.